ఆ పేరు ఎందుకు పెట్టుకోలేదు?

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ సూర్యకాంతం అనే ఆడపిల్ల ఉందేమో చెప్పండి. దాదాపుగా ఉండదు. ఎంత చక్కటి పేరండీ! ఒక నటి గయ్యాళి వేషాలు అంత బాగా వేసేసరికి, పిల్లకి ఆ పేరు పెట్టాలంటేనే మనవాళ్ళు జంకారు.

మా పెద్ద మేనత్త పేరు అదే. ఆవిడ పుట్టేనాటికి ఈ సూర్యకాంతం గారు సినిమాల్లోకి రాలేదు. కానీ పెళ్ళిచూపుల నాటికి వచ్చేశారు. పేరు చెప్పగానే మగపెళ్ళివారు గొల్లుమన్నారట. అత్తవారింట్లో పేరు సగానికి కోసి 'కాంతం' అన్నారు. మా అత్తయ్యేమో నోట్లో నాలుక లేని మనిషి.

అసలు సూర్యకాంతం గారు మాత్రం గయ్యాళా? 1924లో కాకినాడ దగ్గరి పల్లెలో పుట్టి, 1946లో 'నారద నారది'తో సినిమాల్లోకి వచ్చారు. 1950లో 'సంసారం'లో అత్తగా వేశాక ఆ ముద్ర పడిపోయింది. ఎడమ చెయ్యి తిప్పుతూ ఆవిడ విసిరే మాటకి హాలంతా తిట్టుకునేది. 1957లో 'మాయాబజార్'లో హిడింబిగా, ఘటోత్కచుణ్ణి మురిపెంగా చూసుకునే తల్లిగా వేసినా మనకి ముందు గుర్తొచ్చేది గయ్యాళే. షూటింగుకి మాత్రం ఇంటి నుంచి వండి తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేవారని తోటి నటులు చెప్పేవారు.

1962లో 'గుండమ్మ కథ' వచ్చింది. ఎన్టీఆర్, ఏయన్నార్, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు అంతా ఉన్న సినిమాకి ఆవిడ పాత్ర పేరే పెట్టారంటే చూడండి!

నా చిన్నప్పుడు ఆ సినిమా దూరదర్శన్‌లో వేశారు. ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చున్నాం. గుండమ్మ సవతి కూతురు లక్ష్మి మీద కేకలేసినప్పుడల్లా అందరూ అత్తయ్య వైపు చూసి నవ్వడమే. చివర్లో ఛాయాదేవి వేసిన దుర్గమ్మ చేతిలో గుండమ్మ అగచాట్లు పడుతుంటే మాకు భలే సరదా వేసింది. అత్తయ్య మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మొగుడు పోయిన మనిషి. నోరు లేకపోతే ఆ ఇల్లూ పిల్లల్నీ ఎలా నిలబెట్టుకుంటుందే?" అంది.

ఆ వేళ మాలో ఎవరూ మళ్ళీ నవ్వలేదు.

సూర్యకాంతం గారు 1994లో వెళ్ళిపోయారు. మా అత్తయ్య కూడా ఇప్పుడు లేదు. ఈసారి టీవీలో 'గుండమ్మ కథ' వస్తే, గుండమ్మ నోటితో పాటు ఆవిడ కళ్ళు కూడా చూడండి. మా అత్తయ్య చూసింది అవే.