పొలం లెక్క నుంచి కంప్యూటర్ లెక్క వరకు: గ్రామీణ విద్యార్థులకు మూడు పునాది నైపుణ్యాలు

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి భూముల్లో పత్తి, మిర్చి పండించే కుటుంబాల నుంచి ఏటా వేలాది యువతీ యువకులు కళాశాలల్లో అడుగుపెడుతున్నారు. వీరిలో పలువురు తమ ఇంట డిగ్రీ చదువుతున్న తొలి తరం వారే. వీరి చదువు కోసం తల్లిదండ్రులు పంటపై అప్పు తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. పట్టా చేతికి వచ్చిన తరువాత ఇంటర్వ్యూలో వెనుకబడితే ఆ భారం తిరిగి పొలం మీదనే పడుతుంది. ఈ దృష్ట్యా కంప్యూటర్ ప్రాథమిక పరిజ్ఞానం, సమస్యా పరిష్కారం, ప్రాజెక్టు నిర్వహణ అనే మూడు నైపుణ్యాలను విద్యార్థులు చదువుకునే రోజుల్లోనే అలవరచుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

పాఠ్యప్రణాళికలోనే అవకాశం

2000 దశకంలో రాష్ట్రంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లను నెలకొల్పి, విద్యార్థులకు ఉద్యోగార్హ నైపుణ్యాలను నేర్పే ప్రయత్నం ప్రారంభమైంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదవ తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులకు ఆరేళ్ల సమీకృత ఇంజనీరింగ్ విద్యను అందుబాటులోకి తెచ్చింది. 2016లో ఒంగోలు పేరిట కూడా దీని విద్యాలయం ఏర్పాటయింది.

సాధారణ డిగ్రీ విద్యార్థులకు సంబంధించినంత వరకు 2020-21 విద్యా సంవత్సరం నుంచి అమలైన మార్పులు ముఖ్యమైనవి. సమాచార సాంకేతిక పరిజ్ఞానం, విశ్లేషణా నైపుణ్యాలు వంటి కోర్సులతో పాటు 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును పాఠ్యప్రణాళికలో చేర్చారు. గ్రామంలో సర్వే జరిపి, ఒక సమస్యను గుర్తించి, ప్రజలకు అవగాహన కల్పించి, నివేదిక సమర్పించడం ఇందులోని క్రమం. దీనిని మార్కుల కోసం రాసే రికార్డుగా భావించరాదు. ఈ మూడు నైపుణ్యాలూ ఒకేచోట అభ్యసించగల అవకాశం ఇదే.

మొదటి మెట్టు: కంప్యూటర్ పరిజ్ఞానం

గ్రామీణ కుటుంబాలకు డిజిటల్ అక్షరాస్యత కల్పించేందుకు 2017లో ఆరంభమైన కేంద్ర పథకం 2024 మార్చితో ముగిసింది. అయినను నేర్చుకునే మార్గాలు మూసుకుపోలేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘నైలిట్’ నిర్వహించే కోర్స్ ఆన్ కంప్యూటర్ కాన్సెప్ట్స్ (సి.సి.సి.) 80 గంటల కోర్సు. దీనికి కనీస విద్యార్హత నిబంధన లేదు. పత్రాల తయారీ, లెక్కల పట్టిక, ఇంటర్నెట్, ఈ-మెయిల్, డిజిటల్ చెల్లింపులు, సైబర్ భద్రత ఇందులోని పాఠ్యాంశాలు. ఐ.ఐ.టి. బొంబాయి రూపొందించిన ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పాఠాలు తెలుగులో కూడా లభిస్తున్నాయి. 2017లో ప్రారంభమైన ‘స్వయం’ ద్వారా ఉన్నత స్థాయి కోర్సులను ఉచితంగా చదువుకోవచ్చును.

రెండవ మెట్టు: సమస్యా పరిష్కారం

కంప్యూటర్ మీటలు నొక్కడం తెలిసినంత మాత్రాన సమస్య పరిష్కారం కాదు. సమస్యను స్పష్టంగా చెప్పడం, దానిని భాగాలుగా విడదీయడం, వివరాలు సేకరించడం, లెక్క కట్టడం, ఫలితాన్ని సరిచూడడం అనే అయిదు దశలు అవసరం.

ఉదాహరణకు, ఎండిన మిర్చిని వెంటనే యార్డులో అమ్మాలా, ఆరు నెలలు కోల్డ్ స్టోరేజీలో ఉంచాలా అన్నది రైతు ఇంట ఏటా ఎదురయ్యే ప్రశ్న. లెక్క కోసం నేటి ధర క్వింటాలుకు రూ.12,000 అనుకుందాం. ఆ సొమ్ముపై నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున ఆరు నెలలకు రూ.1,440 అవుతుంది. 45 కిలోల టిక్కీకి అద్దె రూ.200 అనుకుంటే క్వింటాలుకు సుమారు రూ.444 పడుతుంది. అంటే ఆరు నెలల తరువాత ధర రూ.13,884 దాటితేనే నిల్వ వల్ల లాభం. తరుగు, రవాణా, హమాలీ ఖర్చులను కలిపితే ఈ మొత్తం మరింత పెరుగుతుంది. ఈ వివరాలను లెక్కల పట్టికలో ఒకసారి అమర్చుకుంటే, ధర గాని వడ్డీ గాని మారినప్పుడు ఆ అంకెను మార్చిన వెంటనే ఫలితం కనిపిస్తుంది. ‘ధర పెరుగుతుందేమో’ అన్న ఆశకు బదులు ‘ఎంత పెరిగితే గిట్టుబాటు’ అన్న నిర్దిష్టమైన ప్రశ్న ముందుకు వస్తుంది. ఇదే విశ్లేషణ.

మూడవ మెట్టు: ప్రాజెక్టు నిర్వహణ

ప్రాజెక్టు నిర్వహణ అనే మాట కొత్తదైనా, పని మన రైతులకు కొత్త కాదు. నారు పెరుగుతుండగానే పొలం దున్నుకోవచ్చును. కానీ నారు సిద్ధం కానిదే నాటు వేయలేము. కాయ కోతకు రాకముందే కూలీలను, కల్లాన్ని, పట్టాలను చూసుకోవాలి. ఏ పని దేనిపై ఆధారపడి ఉంది, ఏ పనులు ఏకకాలంలో సాగుతాయి, ఏ పని ఒక్కరోజు ఆలస్యమైనా మొత్తం వెనుకబడుతుంది అన్నది గుర్తించడమే ఈ విద్యకు కీలకం.

ముప్పును ముందుగా అంచనా వేయడం ఇందులో మరొక భాగం. 2021-22లో నల్ల తామరపురుగు ఉద్ధృతి వల్ల ఈ ప్రాంత మిర్చి రైతులు తీవ్రంగా నష్టపోయిన సంగతి విదితమే. అనుకోని ఆపద వస్తే ఎవరు ఏమి చేయాలి, ఎంత సొమ్ము విడిగా ఉంచాలి అన్నది ప్రణాళికలో ముందే రాసుకోవాలని ఆ అనుభవం తెలియజేస్తున్నది. విద్యార్థులు తమ ప్రాజెక్టులో కూడా పనుల జాబితా, బాధ్యులు, గడువు, ఖర్చు, ముప్పు అనే అయిదు గడులతో ఒక పట్టిక తయారు చేసుకొని, వారానికొకసారి సమీక్షించుకోవాలి.

తల్లిదండ్రుల సహకారం అవసరం

మిర్చి కోతలు ముమ్మరంగా సాగే జనవరి-ఏప్రిల్ మాసాలు కళాశాలల్లోనూ చదువు సాగే కాలమే. ఇంటి పనికి చేతులు చాలక పిల్లలను, ప్రత్యేకించి ఆడపిల్లలను, తరగతులు మాన్పించే పరిస్థితి కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. ప్రయోగశాలలో తప్పిపోయిన గంటలను పుస్తకం చదివి భర్తీ చేసుకోవడం కష్టం. కావున తల్లిదండ్రులు ఈ విషయాన్ని గమనించి పిల్లల హాజరుకు తోడ్పడాలి. అధ్యాపకులు సెలవుల్లో చేయదగిన అభ్యాసాలను ముందుగానే సూచించడం మంచిది.

తమ ఇంటి పంట లెక్కను పట్టికలో చూపి, అందులోని నిర్ణయాన్ని నాలుగు మాటల్లో వివరించగల విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి తనదైన పని ఒకటి ఉంటుంది. అందుబాటులో ఉన్న ఈ అవకాశాలను విద్యార్థినీ విద్యార్థులు మొదటి సంవత్సరం నుంచే సద్వినియోగం చేసుకోవాలి.