‘పొన్నూరు’లో ఎన్ని అక్షరాలు? మీ ఫోన్ లెక్క వేరే!

పొన్నూరు. ఎన్ని అక్షరాలు? పొ, న్నూ, రు... మూడు. ఒకటో క్లాసు పిల్లాడు కూడా చెప్పేస్తాడు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ కన్సోల్ ఓపెన్ చేసి, అదే పేరుని కోట్స్‌లో పెట్టి పక్కన డాట్ లెంగ్త్ కొట్టండి. 8 వస్తుంది. పైథాన్‌ని అడిగినా 8 అనే అంటుంది. యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లు అని అడిగితే 24. ఒకే ఊరు, మూడు లెక్కలు. తమాషా ఏంటంటే మూడూ కరెక్టే.

యూనికోడ్‌లో మన గుణింతం, ఒత్తు ఒకే ముక్కగా ఉండవు. ప, దాని ఒత్వం, న, పొల్లు, మళ్ళీ న, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. లెక్కపెట్టుకోండి, ఎనిమిది. ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి 24. స్క్రీన్ మీద వాటిని కలిపి ‘పొన్నూరు’గా గీసే పని ఫాంట్‌ది, టెక్స్ట్ ఇంజన్‌ది. కోడ్ రాసే మనకి కనిపించేది మాత్రం ముక్కలే.

ఇంటర్వ్యూల్లో అడిగే ‘స్ట్రింగ్‌ని రివర్స్ చెయ్యి’ ప్రశ్న తెలుసుగా? స్ప్లిట్, రివర్స్, జాయిన్ అని ఒక్క లైన్‌లో రాసేస్తాం. ఆ లైన్‌కి పొన్నూరు ఇచ్చి చూడండి. ‘రూన్నొప’ వస్తుంది, దాని ముందు ఏ అక్షరానికీ అంటుకోని కొమ్ము ఒకటి అనాథలా వేలాడుతుంది. మనం చేత్తో తిరగేస్తే ‘రున్నూపొ’ రావాలి. ఇది నవ్వుకుని వదిలేసే కేసే అనుకోండి.

పేర్ల దగ్గరికొస్తే నవ్వు రాదు. ‘వేంకటేశ్వరరావు’ మన కంటికి ఏడు అక్షరాలు, కంప్యూటర్‌కి 14. ఒక ఫారంలో పేరుకి 20 గడులు ఇచ్చారనుకుందాం. ఇంటిపేరు, స్పేస్ కలిపి 12 తినేస్తే మిగిలేవి 8. కోడ్ అక్కడ కట్ చేస్తే ఏం మిగులుతుందో తెలుసా? ‘వేంకటేశ్’. సగంలో తెగిన చెత్తలా ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. ఇది శుభ్రంగా ఇంకో మనిషి పేరు! టెస్టర్ చూసినా టిక్ పెట్టి వెళ్ళిపోతాడు. రేపు పట్టాదారు పాస్‌బుక్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉంటే తిరగాల్సింది ఆ పెద్దాయన. నా దృష్టిలో క్రాష్ అయ్యే బగ్ కంటే ఇలా సైలెంట్‌గా కూర్చునే బగ్ చాలా ప్రమాదం.

క్రాష్ అంటే గుర్తొచ్చింది, 2018 ఫిబ్రవరి. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న రోజులు. మెసేజ్‌లో ఒక ‘జ్ఞా’ వస్తే ఆ యాప్ ఢమాల్. అదే నోటిఫికేషన్‌లో కనిపిస్తే హోమ్ స్క్రీన్‌ని నడిపే స్ప్రింగ్‌బోర్డే పడిపోయేది. తెలుగు అక్షరం ఐఫోన్లని కూల్చేస్తోందని ప్రపంచమంతా వార్తలు. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 వదిలి సరిచేసింది. మ్యాక్, వాచ్, టీవీలకి కూడా అప్పుడే అప్‌డేట్లు ఇవ్వాల్సి వచ్చింది.

కానీ నేరం ‘జ్ఞా’ది కాదు. రోజూ ‘జ్ఞానం’, ‘జ్ఞాపకం’ అని టైప్ చేసేవాళ్ళ ఫోన్లు బాగానే ఉన్నాయి. ఆ మెసేజ్‌లో జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు ఒక కనిపించని క్యారెక్టర్ దూరింది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. మనకి పరాయిదేం కాదు, ‘ఫేస్‌బుక్’ అని రాసినప్పుడు బ వెళ్ళి స కింద ఒత్తుగా చేరకుండా ఆపేది అదే. (అది ఉన్న ఫేస్‌బుక్, లేని ఫేస్బుక్ కోడ్‌లో సమానం కావు. సెర్చ్ రాసేవాళ్ళు కాస్త చూసుకోండి.) అయితే హల్లు గుత్తికీ గుణింతానికీ మధ్య దానికి పనేమీ లేదు.

అప్పట్లో మొజిల్లాలో పనిచేసే మనీష్ గోరేగావ్‌కర్ దీన్ని విప్పి చూశాడు. ఒక్క జ్ఞా కాదు, హల్లు, పొల్లు, హల్లు, ఆ కనిపించని క్యారెక్టర్, తర్వాత అచ్చు గుర్తు... ఈ వరసలో వచ్చే తెలుగు ఒత్తులన్నిటికీ దాదాపు ఇదే గతి అని తేల్చాడు. దేవనాగరి, బెంగాలీల్లో కూడా కొన్ని పడ్డాయి. ఇప్పుడు ‘న్నూ’ చూడండి. న, పొల్లు, న, కొమ్ముదీర్ఘం. అచ్చం అదే వరస! మధ్యలో ఆ ఒక్కటి దూరిస్తే మా ఊరి పేరు కూడా ఐఫోన్‌ని పడగొట్టేదన్నమాట.

ఎందుకు ఇంత కష్టం? కోడ్‌లో కొమ్ముదీర్ఘం చివర ఉంటుంది, గీసేటప్పుడు మాత్రం వెనక్కెళ్ళి మొదటి న కి అంటుకోవాలి, రెండో న ఒత్తుగా పక్కకి జరగాలి. ఇంగ్లీషు ఒక్కటే పెట్టి టెస్ట్ చేసినవాడికి ఈ సర్దుబాటు ఎప్పటికీ ఎదురు కాదు. ఫోన్ రివ్యూల్లో కెమెరాకి పది నిమిషాలు, తెలుగు ఎలా గీస్తుందో చూడ్డానికి పది సెకన్లు కూడా ఇవ్వం, అది వేరే సంగతి.

మంచి వార్త ఏంటంటే రూల్ మారింది. మనిషి కంటికి ఒక అక్షరం అనిపించేదాన్ని యూనికోడ్‌లో గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. పాత రూల్ ప్రకారం ‘న్’ ఒకటి, ‘నూ’ ఇంకోటి, కాబట్టి పొన్నూరు నాలుగు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడదీయొద్దంది. జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ డాట్ సెగ్మెంటర్‌తో పొన్నూరుని లెక్కపెట్టించండి. పాత బ్రౌజర్ అయితే 4 అంటుంది, కొత్త రూల్ చేరినదైతే 3. మీ ఫోన్ ఒకటో క్లాసు పాసైందో లేదో కామెంట్‌లో చెప్పండి.