ముగిసిన పద్దులు

లెక్క రాసి పెట్టుకోవడం మానవుడికి రాతతోపాటే అబ్బిన విద్య. మెసపొటేమియా ప్రాంతంలో దొరికిన తొలినాటి మట్టిపలకలలో అధికభాగం ధాన్యం, పశువులు, కూలివారి బత్తెం లెక్కలే. తెలుగునాట గ్రామకరణాలు పొలాలు, శిస్తులు, మాన్యాల వివరాలను కవిలెలలో రాసి తరతరాలుగా కాపాడుతూ వచ్చారు. 19వ శతాబ్ది ఆరంభంలో కల్నల్ కాలిన్ మెకంజీ సహాయకులు ఊరూరా తిరిగి కైఫీయత్తులను సేకరించినప్పుడు ఈ కవిలెలు వారికి ఆధారాలయ్యాయి. చరిత్ర రాస్తున్నానని తలచి ఏ కరణమూ కవిలె పట్టి ఉండడు. శిస్తు లెక్క తేలితే అతడి పని ముగిసినట్లే. అతడి దృష్టిలో ముగిసిపోయిన ఆ పద్దు మరొక కాలంలో మరొకరికి అవసరమైంది.

నేటి వాణిజ్యసంస్థల కవిలెలు కంప్యూటర్లలో ఉన్నాయి. ఒకప్పుడు కొనుగోళ్లకు ఒక చిట్టా, సరుకు నిల్వకు ఒక రిజిస్టరు, జీతాలకు ఒక పుస్తకం, వీటన్నిటి సారాన్ని కూర్చే ఆవర్జా వేరువేరుగా ఉండేవి. ఈ శాఖలన్నిటినీ ఒకే డేటాబేస్‌పై నడిపించే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ ఎడబాటు తొలగింది. 1972లో జర్మనీలో ఐ.బి.ఎం. సంస్థను వీడిన ఐదుగురు ఇంజనీర్లు స్థాపించిన ఎస్.ఎ.పి. సంస్థ ఈ రంగంలో ప్రసిద్ధి చెందినది. 1992లో అది విడుదల చేసిన ఆర్-3 అనే సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా పెద్దసంస్థలకు చేరింది. గిడ్డంగిలో గుమాస్తా సరుకు అందినట్లు నమోదు చేసిన క్షణంలోనే జమాఖర్చుల శాఖలో ఆ విలువ ఖాతాకెక్కడం ఈ విధానంలోని విశేషం.

ఆ విశేషమే ఒక చిక్కును కూడా తెచ్చిపెట్టింది. ఒక కర్మాగారం వంద మోటారు పంపులు కొన్నదనుకుంటే, ముందుగా కావలసిన సరుకుపై అభ్యర్థన, ఆపై కొనుగోలు ఉత్తర్వు, సరుకు రసీదు, నిల్వలో మార్పు, అమ్మకందారు పంపిన ఇన్‌వాయిస్, పన్ను లెక్క, చెల్లింపు, ఆవర్జాలో పద్దు వరుసగా పుట్టుకొస్తాయి. ఎవరు ఏ అంకెను ఎప్పుడు మార్చారో తెలిపే నమోదులు వీటికి అదనం. ఒక్క కొనుగోలుకే ఇన్ని వరుసలు డేటాబేస్‌లో చేరుతుంటే పది, పదిహేనేళ్లలో అవి ఎంతగా పేరుకుపోతాయో ఊహించవచ్చు. అప్పుడు నిన్నటి పద్దు కోసం వెదికేటప్పుడు కూడా యంత్రం పదేళ్ల కిందటి పద్దుల రాశిని మోయవలసి వస్తుంది. నివేదికలు ఆలస్యమవుతాయి. రాత్రివేళ తీసే నకలు తెల్లవారినా పూర్తికాదు. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారేటప్పుడు పని నిలిచిపోయే గంటలు పెరుగుతాయి. 2010 తరువాత వచ్చిన హానా వంటి డేటాబేస్‌లు సమాచారాన్ని డిస్కులో కాక ప్రధానంగా జ్ఞాపకశక్తి విభాగంలోనే ఉంచి వేగాన్ని సాధించాయి. అక్కడి చోటు డిస్కు కంటే ఎంతో ఖరీదైనది కావడంతో పాత పద్దుల బరువు మరింత స్పష్టంగా తెలిసివచ్చింది.

ఈ బరువును దించే పద్ధతికి ఆర్కైవింగ్ అని పేరు. పని ముగిసిన పద్దులను నడుస్తున్న డేటాబేస్ నుంచి తీసి, తిరిగి చదవడానికి వీలైన రూపంలో వేరొకచోట భద్రపరచడమే ఆర్కైవింగ్. దీనిని బ్యాకప్‌తో పొరపడడం సర్వసాధారణం. బ్యాకప్ ఆపద నుంచి కాపాడే నకలు మాత్రమే. అసలు ఉన్నచోటనే ఉంటుంది, కొన్ని వారాల తరువాత పాత నకలు స్థానంలో కొత్తది వస్తుంది. ఆర్కైవింగ్‌లో అసలే చోటు మారుతుంది. నిత్యం వాడే పాత్రలు వంటింట్లోనూ, ఏడాదికొకసారి వాడే గంగాళాలు అటకమీదా ఉండే తెలుగు ఇంటి అమరిక ఇందుకు తగిన పోలిక. కాకపోతే అటకెక్కించడమనే మాటకు తెలుగులో పక్కన పెట్టి మరచిపోవడమనే అర్థం కూడా స్థిరపడింది. ఈ పనిలో పొంచి ఉన్న ప్రమాదమంతా ఆ రెండో అర్థంలోనే ఉంది.

పద్దు ఎప్పుడు ముగిసినట్లు? చూడడానికి సులభంగా తోచే ఈ ప్రశ్న వద్దనే చాలా సంస్థలు నెలల తరబడి ఆగిపోతాయి. పై ఉదాహరణలో వంద పంపులకు ఉత్తర్వు ఇవ్వగా తొంభై ఎనిమిదే వచ్చాయనుకోవాలి. మిగిలిన రెండూ ఇక రావని గిడ్డంగిలో అందరికీ తెలుసు. కాని ఉత్తర్వు పూర్తయినట్లు ఎవరూ గుర్తు పెట్టలేదు. యంత్రం దృష్టిలో ఆ రెండు పంపులు ఇంకా దారిలోనే ఉన్నాయి. ఆర్కైవింగ్ ప్రోగ్రామ్ ఆ ఉత్తర్వును ముట్టుకోదు. సరుకు అందినా ఇన్‌వాయిస్ రాని పద్దు, ఇన్‌వాయిస్ వచ్చినా చెల్లింపు జరగని పద్దు కూడా ఇలాగే మొరాయిస్తాయి. పాత సమాచారాన్ని తొలగించి చోటు మిగుల్చుకుందామని బయలుదేరిన సంస్థకు తన నిర్లక్ష్యాల జాబితా చేతికి వస్తుంది. ఈ పనివల్ల కలిగే మేలులో సగం బహుశా ఇదే.

ముగిసినవని తేలిన పద్దులను సాఫ్ట్‌వేర్ మూడు దశలలో తరలిస్తుంది. మొదట వాటిని కుదించి ఒక ఫైలులో రాస్తుంది. ఆ ఫైలులో అంకెలతోపాటు ఏ గడి దేనిని సూచిస్తుందో తెలిపే వివరణ కూడా ఉంటుంది. తరువాత తొలగించే ప్రోగ్రామ్ వస్తుంది. అది డేటాబేస్‌ను చూసి చెరపదు. ముందుగా ఆ ఫైలును చదివి, అందులో సక్రమంగా కనిపించిన పద్దులను మాత్రమే డేటాబేస్ నుంచి తొలగిస్తుంది. అటకమీద సామాను భద్రంగా ఉన్నదని చూసుకున్నాకే కింద చోటు ఖాళీ చేయడం వంటిది ఈ జాగ్రత్త. చివరిగా ఆ ఫైలు మార్పులకు వీలుకాని నిల్వస్థానానికి చేరుతుంది. తిరిగి వెదకడానికి ఒక సూచిక మిగులుతుంది. ఏడేళ్ల కిందటి ఇన్‌వాయిస్‌ను ఆడిటర్ అడిగినప్పుడు ఆ సూచిక సరిగా లేకపోతే, ఉన్న పత్రం లేనిదానితో సమానమే.

ఎంతకాలం ఉంచాలనే ప్రశ్నకు చట్టం కొంతవరకు సమాధానం చెబుతుంది. భారతదేశంలో 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం ఖాతాపుస్తకాలను, వోచర్లను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. వస్తుసేవల పన్ను చట్టం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచమంటుంది. వివాదం నడుస్తుంటే గడువు పెరుగుతుంది. అయితే చట్టం చెప్పే ఈ గడువులు వ్యాపారానికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న లెక్కకు మాత్రమే సరిపోతాయి. ఉద్యోగి జీతపు పద్దు సంగతి వేరు.

ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న అమలులోకి వచ్చింది. పింఛను లెక్కకు తీసుకునే జీతానికి అందులో ఒక పరిమితి ఉంది. ఆ పరిమితిని మించిన జీతంపై చందా చెల్లించినవారిలో అర్హులు అధిక పింఛను కోరుకోవచ్చునా అన్న వివాదంపై 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానిని అనుసరించి 2023 జూలై నాటికి 17 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తు కదలాలంటే యజమాని ఆ ఉద్యోగి పాత జీతాల వివరాలను సమర్పించాలి. కొందరి విషయంలో అవి పాతికేళ్ల కిందటివి. ఆ మధ్యకాలంలో ఎన్నో సంస్థలు సాఫ్ట్‌వేర్‌లు మార్చాయి, చేతులు మారాయి, ఒకదానిలో ఒకటి విలీనమయ్యాయి. యజమానులు గడువు కోరుతూ వచ్చారు, గడువు పదేపదే పెరిగింది. 2024 డిసెంబరులో కూడా 3 లక్షలకు పైగా దరఖాస్తులు యజమానుల వద్దే నిలిచి ఉన్నందువల్ల చివరి అవకాశంగా 2025 జనవరి 31 వరకు గడువు ఇచ్చారు. 1998లో ఒక కార్మికుడు అందుకున్న జీతం కర్మాగారం లెక్కల్లో ఆ ఏడాదే ముగిసిన పద్దు. అతడి జీవితంలో అది ముగియలేదు.

అవసరం తీరకముందే పత్రాలు నశించడం పొరపాటువల్లనే జరగాలని లేదు. 2001లో అమెరికాలో ఎన్రాన్ అనే ఇంధన వ్యాపార సంస్థ కుప్పకూలే వేళ, దాని ఆడిటర్లయిన ఆర్థర్ ఆండర్సన్ సంస్థ హ్యూస్టన్ కార్యాలయంలో ఆ సంస్థకు సంబంధించిన కాగితాలను పెద్దయెత్తున ముక్కలు చేశారు, కంప్యూటర్లలోని ఫైళ్లను చెరిపారు. పత్రాల విషయమై సంస్థకున్న నియమావళిని పాటించమని సిబ్బందికి గుర్తు చేయడంతో ఇది మొదలైంది. పత్రాలను ఉంచడానికి ఏర్పడిన నియమావళి వాటిని మాయం చేయడానికి సాకుగా మారడం ఇందులోని వైపరీత్యం. 2002లో జ్యూరీ ఆ సంస్థను దోషిగా తేల్చింది. జ్యూరీకి ఇచ్చిన సూచనలలో లోపముందంటూ 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అప్పటికే ఆ సంస్థ ఆడిటింగ్ వృత్తి నుంచి తప్పుకొన్నది. దర్యాప్తును అడ్డుకొనే ఉద్దేశంతో పత్రాలను నాశనం చేసినవారికి 20 ఏళ్ల వరకు కారాగారశిక్ష విధించే చట్టం 2002లోనే వచ్చింది.

హైదరాబాదుకు కూడా ఇటువంటి చేదు అనుభవం ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు ఖాతాలలో లేని సొమ్మును ఉన్నట్లు చూపామని స్వయంగా లేఖ రాశారు. వేలకొద్దీ నకిలీ ఇన్‌వాయిస్‌లు సంస్థ కంప్యూటర్లలోనే తయారయ్యాయని దర్యాప్తులో వెల్లడైంది. పద్దు నిలిచి ఉంటే చాలదు, అది ఎవరి చేతిలో పుట్టిందో, ఎప్పుడు మారిందో తెలిపే జాడ కూడా దానితోపాటు నిలవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి భారతీయ కంపెనీలు వాడే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే, ఆపివేయడానికి వీలులేని ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ జాడను వదలి పద్దును మాత్రమే తరలిస్తే మిగిలేది సగం సాక్ష్యం.

ఇంతటి అనుభవం ఉన్నప్పుడు అన్నిటినీ ఎప్పటికీ దాచుకోవడమే క్షేమమని తోచవచ్చు. చాలా సంస్థలు చేస్తున్నదీ అదే. బెర్లిన్ నగరంలో వేలాది ఇళ్లను అద్దెకిచ్చే ఒక సంస్థ కూడా అలాగే చేసింది. అద్దెకున్నవారి జీతాలు, బ్యాంకు వివరాలు, బీమా పత్రాలు దాని ఆర్కైవ్‌లో చేరుతూ వచ్చాయి. అవసరం తీరిన వాటిని తొలగించే ఏర్పాటే అందులో లేదన్న కారణంతో 2019లో అక్కడి అధికారులు ఆ సంస్థకు కోటి 45 లక్షల యూరోల జరిమానా విధించారు. ఆ జరిమానాపై నడిచిన వ్యాజ్యం యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం వరకు వెళ్లింది. వ్యక్తుల సమాచారాన్ని అవసరమైనంత కాలమే ఉంచుకోవాలనే నియమం ఐరోపాలో 2018 నుంచి అమలులో ఉంది. భారతదేశంలో 2023లో చేసిన చట్టం కూడా, మరొక చట్టం ఉంచమంటే తప్ప, ఉద్దేశం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని తొలగించాలంటుంది. అటక కట్టినవారు దాని మీది నుంచి సామాను దించే నిచ్చెనను కూడా కట్టాలన్నమాట.

దాచవలసినదాన్ని దాచవలసినంత కాలం దాచినా, తీసి చూసేనాటికి చదవగలగడం మరొక సమస్య. 1086లో ఇంగ్లాండు రాజు మొదటి విలియం తన రాజ్యంలోని భూములు, కాడి ఎడ్లు, రాబడులను లెక్కరాయించాడు. చర్మపత్రాలపై రాసిన ఆ డోమ్స్‌డే గ్రంథం నేటికీ లండన్‌లోని జాతీయ భాండాగారంలో చదవడానికి వీలుగా ఉంది. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంలో, 1986లో బి.బి.సి. సంస్థ పదిలక్షల మందికి పైగా ప్రజల సహకారంతో, వారిలో అత్యధికులు బడిపిల్లలు, ఆనాటి జీవితాన్ని లేజర్ డిస్కులలో నిక్షిప్తం చేసింది. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు దాదాపు కనుమరుగయ్యాయి. 2002 నాటికి లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాతయంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్ రాసి ఆ సమాచారాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. చెడిపోయినవి డిస్కులు కావు, వాటిని చదివే మార్గమే మూసుకుపోయింది.

వాణిజ్యసంస్థలలో ఇదే కథ చిన్నయెత్తున నిత్యం నడుస్తున్నది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారిన సంస్థలు పాత సర్వర్‌ను ఆపలేవు. ఆడిటర్ ఎప్పుడైనా ఒక పద్దు అడగవచ్చుననే భయంతో దానిని ఒక మూలగదిలో నడుపుతూనే ఉంటాయి. దాని తయారీదారు మరమ్మతులు మానుకొని ఏళ్లవుతుంది. దాని గుట్టుమట్లు తెలిసిన ఉద్యోగి ఒక్కరే మిగులుతారు. ఈ స్థితి నుంచి బయటపడడానికి పద్దులను ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌కో కట్టుబడని సాధారణ రూపంలోకి మార్చి, వాటి అర్థవివరణతో, ఉంచవలసిన గడువుతో సహా వేరుచేసి, పాతయంత్రాన్ని ఆపే విధానం నేడు వ్యాప్తిలోకి వచ్చింది. ఆపేముందు ఆడిటర్‌ను పిలిచి, పాత ఇన్‌వాయిస్‌లు కొన్నింటిని కొత్తచోటు నుంచి తీసి చూపి, అవి సరిపోయాయని సంతకం తీసుకుంటారు. పాత సర్వర్ మీట నొక్కి ఆపేది ఆ సంతకం పడిన తరువాతనే.