బ్యాటరీ సిగరెట్టుతో బీడీ మానగలరా?

బీడీ మానెయ్యాలని చాలామంది అనుకుంటారు. ఒట్టు పెట్టుకుంటారు. కట్టా, అగ్గిపెట్టే పారేస్తారు. మూడో రోజుకి మళ్లీ కొట్టు దగ్గర ఉంటారు. అది చేతకానితనం కాదు. పొగాకులో నికోటిన్ ఉంది. పొగ పీల్చిన కొద్ది క్షణాల్లోనే అది మెదడుకు చేరుతుంది. మెదడు దానికి మరుగుతుంది. అందకపోతే చిరాకు, తలనొప్పి. నిద్ర పట్టదు.

పట్నాల్లో కొందరు కుర్రాళ్ల చేతుల్లో ఈ-సిగరెట్టు కనబడుతుంది. కొన్ని పెన్నులా ఉంటాయి. నిప్పు ఉండదు. బ్యాటరీ లోపలి తీగను వేడిచేస్తుంది. ఆ వేడికి ద్రవం ఆవిరవుతుంది. దాన్ని పీలుస్తారు. "ఉత్త ఆవిరేగా!" అంటారు. కాదు. ఆ ద్రవంలోనూ సాధారణంగా నికోటిన్ ఉంటుంది.

ఇంగ్లండులో పొగ మానడానికి దీన్ని వాడనిస్తారు. కొందరు మానారు కూడా. రెండూ పీల్చేవాళ్లూ ఉన్నారు. అసలు పొగ తాగని పిల్లలు దీనితో మొదలుపెట్టడమే పెద్ద దిగులు. మన దేశంలో 2019లో దీన్ని నిషేధించారు. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దొంగచాటు సరుకులో ఏం కలిపారో ఎవరు చూడొచ్చారు?

మరి మానేదెలా? మొదటి వారమే గట్టిది. పొగ మీద యావ పుడితే కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాస్సేపు నీళ్లు తాగాలి, సోంపు నమలాలి, లేచి నాలుగడుగులు వెయ్యాలి. టీ తాగగానే బీడీ వెలిగించేవాళ్లు టీ తాగే చోటు మార్చుకుంటే మేలు. మందుల షాపులో నికోటిన్ చూయింగ్ గమ్ దొరుకుతుంది. డాక్టరును అడిగి వాడాలి. అదేపనిగా నమలకూడదు. కాసేపు నమిలి దవడన పెట్టుకోవాలి. ఖైనీ వేసుకుంటూ "బీడీ మానేశా" అంటే మాత్రం మానినట్టు కాదు.

1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు పడదు. సలహా చెబుతారు. ఒకసారి తప్పినవాళ్లు మళ్లీ చెయ్యొచ్చు.