అధిక వోల్టేజి ఎల్.ఇ.డి. డ్రైవర్ వలయాలు: విద్యుత్ ప్రవాహ మాపనం

1. ఉపోద్ఘాతం:
ఎల్.ఇ.డి. వెలుగును ప్రధానంగా నిర్ణయించేది దాని గుండా సాగే విద్యుత్ ప్రవాహం. వోల్టేజి స్వల్పంగా పెరిగినా ప్రవాహం విపరీతంగా పెరుగుతుంది. అందుచేత డ్రైవర్ వలయం ప్రవాహాన్ని స్థిరంగా నిలపాలి. నిలపాలంటే ముందు దానిని కొలవాలి. ఎక్కడ కొలవాలి, ఏ బిందువుతో పోల్చి కొలవాలి అన్న రెండు ప్రశ్నలను ఈ వ్యాసం వివరిస్తుంది.

2. మాపన సూత్రం:
ప్రవాహ మార్గంలో షంట్ అనే అల్ప నిరోధకాన్ని శ్రేణిలో కలిపి, దాని కొనల మధ్య వోల్టేజిని కొలుస్తారు. ఓమ్ నియమం ప్రకారం 1 ఓమ్ షంట్ గుండా 350 మిల్లీఆంపియర్లు సాగితే 350 మిల్లీవోల్టులు లభిస్తాయి. అందులో వృథా అయ్యే సామర్థ్యం సుమారు 0.12 వాట్లు. నిరోధాన్ని తగ్గిస్తే ఈ నష్టం తగ్గుతుంది. కొలవవలసిన సంకేతమూ తగ్గుతుంది.

3. షంట్ స్థానం:
ఒక్కొక్కటి సుమారు 3 వోల్టులు తీసుకొనే 40 ఎల్.ఇ.డి.లను శ్రేణిలో కలిపితే 120 వోల్టులు అవసరం. షంట్‌ను ఎగువన ఉంచితే దాని రెండు కొనలూ 120 వోల్టుల స్థాయిలోనే ఉంటాయి. వాటిని రెండు విభాజకాలతో 60వ వంతుకు తగ్గిస్తే, సంకేతం 6 మిల్లీవోల్టుల లోపే మిగులుతుంది. ఒక విభాజకంలో 1 శాతం తేడా ఉన్నా 20 మిల్లీవోల్టుల దోషం ఏర్పడి, అసలు సంకేతాన్ని మింగివేస్తుంది. కాబట్టి ఇక్కడ అధిక వోల్టేజిని తట్టుకొనే ప్రత్యేక ఆంప్లిఫయరు గాని, ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న ప్రభావంపై పనిచేసే హాల్ సెన్సారు గాని అవసరమవుతుంది.
దిగువన ఉంచితే మాపనం సులభం. కాని శ్రేణి మధ్యలో ఏదైనా బిందువు షంట్‌ను దాటవేసి గ్రౌండ్‌కు కలిస్తే ఆ ప్రవాహం లెక్కకు రాదు. ప్రవాహం తగ్గిందని భ్రమించిన నియంత్రకం దానిని మరింత పెంచి, మిగిలిన దీపాలను మాడ్చివేయవచ్చు.

4. ‘గ్రౌండ్’ - అర్థభేదం:
వలయంలో గ్రౌండ్ అంటే వోల్టేజిలను పోల్చే ఆధార బిందువు మాత్రమే. అది నేలతో కలిసి ఉండాలన్న నియమం లేదు. 230 వోల్టుల సరఫరాను ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా ఏకదిశీకరించే డ్రైవర్లలో శిఖర వోల్టేజి సుమారు 325 వోల్టులు. వాటి గ్రౌండ్‌ను తాకడం ప్రాణాంతకం. ఆసిలోస్కోపు క్లిప్పు సాధారణంగా ఎర్త్‌తో కలిసి ఉంటుంది కనుక, దానిని ఆ బిందువుకు తగిలిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అక్కడ డిఫరెన్షియల్ ప్రోబు వాడాలి.

5. ముగింపు:
షంట్ స్థానం మాపన కచ్చితత్వాన్ని, ఆధార బిందువు స్వభావం మాపకుని భద్రతను నిర్ణయిస్తాయి. గ్రౌండ్‌నూ ఎర్త్‌నూ ‘భూమి’ అన్న ఒకే మాటతో అనువదిస్తే ఈ భేదం చెరిగిపోతుంది. మొదటిదానికి ‘ఆధార బిందువు’ అన్న మాటను, రెండవదానికి ‘ఎర్త్’ అన్న వాడుక మాటను స్థిరపరచడం ప్రయోగశాలలో విద్యార్థికి రక్షణ.