మాటరాని బిడ్డ, ఇంటిభాష: శిడ్లఘట్ట సీమలో ఆటిజము నిర్ధారణ

శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంతకు పేరుపొందిన పట్టణము. 2007లో కోలారునుండి విడివడిన చిక్కబళ్లాపుర జిల్లాలో ఇది యొక తాలూకా కేంద్రము. ఇచ్చటను, చింతామణి, బాగేపల్లి ప్రాంతములందును పెక్కు కుటుంబములకు ఇంటిభాష తెలుగు, బడిభాష కన్నడము. వీధిలో ఉర్దూయు వినవచ్చును. ఇట్టి సీమలో రెండేండ్లు నిండినను మాటరాని బిడ్డను గూర్చి తల్లిదండ్రులకు తరచుగా లభించు సమాధానము, “రెండు మూడు భాషల నడుమ బిడ్డ తికమకపడుచున్నాడు, కొంతకాలము చూడుడు” అనునది. ఇది యెంతవరకు సత్యమో విచారించుట యీ వ్యాసోద్దేశము.

1943లో అమెరికాయందు లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి, ఆటిజమును బాల్యమునందలి ప్రత్యేకస్థితిగా వర్ణించెను. తల్లి ప్రేమ చాలకపోవుటయే దీనికి హేతువను వాదము కొంతకాలము ప్రబలి తల్లులను మిక్కిలి నొప్పించినది. అట్టి బిడ్డకు తండ్రియు, మనస్తత్వ శాస్త్రజ్ఞుడును అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఆ వాదమును ఖండించెను. మెదడు పెరుగుదలలోని భేదమే దీనికి మూలమనియు, అందు జన్యుకారణముల పాలు పెద్దదనియు తరువాతి పరిశోధనలు తెల్పినవి. పెంపకము దీనికి హేతువు కాదు. ఇంట భాషలు పెక్కగుటయు హేతువు కాదు.

మాట ఆలస్యమగుట యొక్కటే ఆటిజము కాదు. పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడకుండుట, వింతవస్తువును వ్రేలితో చూపి పెద్దలతో సంతోషము పంచుకొనకుండుట, బొమ్మబండితో ఆడుటకు మారుగా దాని చక్రమునే పదేపదే త్రిప్పుచుండుట మున్నగునవి గమనింపదగిన లక్షణములు. రెండు భాషల నడుమ పెరుగు బిడ్డకు మాట కొంత తడవైనను, సాధారణముగా వ్రేలు చూపి అడుగును, తల్లి ముఖము చూచి నవ్వును. ఈ భేదమును గుర్తించినచో వృథాగా కాలము గడవదు.

దీనిని నిర్ధారించు రక్తపరీక్ష లేదు. మొదట వినికిడి పరీక్షింతురు. 16 మొదలు 30 నెలల వయస్సు పిల్లలకు 20 ప్రశ్నల పట్టిక యొకటి కలదు. అది అనుమానమును తెల్పునేగాని నిర్ధారణ కాదు. సికిందరాబాదులోని జాతీయ సంస్థ రూపొందించిన భారతీయ కొలమానమున 40 అంశములు, 6 విభాగములు గలవు. ఒక్కొక్క యంశమునకు 1 నుండి 5 వరకు గణింతురు. మొత్తము 70 మొదలుకొని ఆటిజముగా నెంచుదురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఆటిజము చేరియున్నది.

పట్టుదారము తీయు పనివారికి బెంగుళూరు నిమ్హాన్స్ వంటి సంస్థకు పోయివచ్చుట యనగా దినకూలి పోగొట్టుకొనుట; అదియు నొక్కసారితో ముగియకపోవచ్చును. అచ్చట తల్లి చెప్పు వృత్తాంతమే ముఖ్యసాక్ష్యము. “ఉలకడు, పలకడు, తన లోకములో తానుండును” అని తెలుగున చెప్పదగినది, రాని భాషలో “మాటలాడడు” అను నొక్కమాటకు కుదించుకొనిపోవును. కనుక ఏ నెలలో ఏమి చేసెనో, వచ్చిన మాటలేవి మరల పోయెనో ముందుగా ఇంటిభాషలోనే వ్రాసికొని, బిడ్డ ఆటను ఫోనులో చిత్రించి తీసికొనిపోవుట మేలు.

నిర్ధారణానంతరము “తెలుగు మాని ఒక్క కన్నడమే మాటలాడుడు” అను సలహాయు వినబడుచుండును. రెండు భాషలు వినుచు పెరిగిన ఆటిజము గల పిల్లలు, ఒకే భాష విన్నవారికంటె వెనుకబడలేదని ఇటీవలి దశాబ్దముల పరిశోధనలు తెల్పుచున్నవి. పైగా, తెలుగు మాత్రమే వచ్చిన అవ్వ మౌనము వహింపవలసివచ్చినచో, అసలే మనుష్యసంబంధము కష్టమైన బిడ్డకు ఉన్న తోడొకటి తగ్గును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ననుసరించి అంగన్‌వాడీలలోను పాఠశాలలలోను పిల్లలను పరీక్షింపవలసియున్నది. అట్టి దినమున తల్లి చెప్పునది తెలుగున విని, కన్నడమున సరిగా తెల్పగల ఉపాధ్యాయుడో పొరుగువాడో తోడుండిన, సంవత్సరముల నిరీక్షణము తగ్గును. బిడ్డతో ఆడుటకు, పాడుటకు, మాటలాడుటకు ధ్రువపత్రము వచ్చువరకు ఆగనక్కరలేదు. ఆ సహాయము ఇంటిభాషలో నేడే మొదలిడవచ్చును.