పంచదారది తప్పయితే కొలెస్ట్రాల్ నిర్దోషి అవుతుందా?

1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో హార్వర్డ్ పరిశోధకుల సమీక్ష ఒకటి వచ్చింది. గుండెజబ్బుకు ఆహారంలోని కొవ్వునూ కొలెస్ట్రాల్‌నూ తప్పుపట్టి, పంచదారపై ఉన్న అనుమానాలను అది కొట్టిపారేసింది. అందుకు అమెరికా చక్కెర పరిశ్రమ 6,500 డాలర్లు ఇచ్చిందని, ఆ సంగతి వ్యాసంలో దాచారని పాత ఉత్తరాల ఆధారంగా 2016లో బయటపడింది. ఇది క్షమించరాని పనే. కానీ అప్పటినుంచి కొందరు మరో అడుగు వేసి, కొలెస్ట్రాల్ భయమే కట్టుకథ అంటున్నారు. మందులు మానేసే రోగులూ ఉంటారు కాబట్టి ఈ వాదనను ఊరికే వదిలేయకూడదు.

కొలెస్ట్రాల్‌కు వ్యతిరేకంగా ఉన్న బలమైన సాక్ష్యం ఆ సమీక్షలో లేదు, జన్యువుల్లో ఉంది. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులను కాలేయం తన గ్రాహకాలతో పట్టి లోపలికి లాక్కుంటుంది. ఇది కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువే వచ్చిన పిల్లలకు ఆ గ్రాహకాలు సరిగా పనిచేయవు. చికిత్స లేకపోతే ఇరవై ఏళ్లు నిండకముందే గుండెపోటు రావచ్చు. దీనికి విరుద్ధమైన ఉదాహరణా ఉంది. పీసీఎస్‌కే9 జన్యువులో మార్పు వల్ల పుట్టుకనుంచే ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువున్న ఆఫ్రికన్ అమెరికన్లలో గుండెజబ్బు 88 శాతం తక్కువని 2006లో తేలింది. ఎవరు కాఫీలో ఎన్ని చెంచాల చక్కెర వేసుకుంటారో చూసి జన్యువులు రావు కదా! 1994లో 4,444 మంది హృద్రోగులపై కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుతో జరిగిన ప్రయోగంలోనూ మరణాలు 30 శాతం తగ్గాయి.

మరి పంచదార మాటేమిటి? అందులో సగం ఫ్రక్టోజ్. అది ఎక్కువగా కాలేయానికే చేరుతుంది, మోతాదు మించితే అక్కడ కొవ్వుగా మారుతుంది. ఆ కొవ్వును కాలేయం రేణువులుగా కట్టి రక్తంలోకి పంపుతుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు పెరుగుతుంది, ‘మంచి’ కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై సాంద్రమవుతాయి. అంటే పంచదార చేసే హానిలో ఒక భాగం రక్తనాళపు గోడలోకి దూరే ఆ రేణువుల ద్వారానే జరుగుతుంది. ఇద్దరిలో ఒకరే దోషి కావాలన్న పట్టుదలకు ఇక్కడ అర్థం లేదు. పంచదార మోతాదు మించడం తేలికే: 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో 30 గ్రాములకు పైగా పంచదార ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు పెట్టిన హద్దు సుమారు 50 గ్రాములు.

కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నవాళ్లకూ గుండెపోటు వస్తోందిగా అంటారు. వస్తుంది, పొగతాగడం, బీపీ, మధుమేహం వంటి కారణాలూ ఉన్నాయి. కానీ ఆ ‘మామూలు’ను కూడా నిదానంగా చదవాలి. మొత్తం కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్లు 240 ఉన్న రిపోర్టు చూడండి. మన దేశంలో ఇలాంటి రిపోర్టులు అరుదు కావు. మొత్తం 200 లోపే ఉంది, లెక్కకట్టిన ఎల్‌డీఎల్ 110 మాత్రమే. కానీ మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది, అంటే రక్తనాళపు గోడలోకి దూరే రేణువుల్లోని కొలెస్ట్రాల్, 158. సాధారణంగా అది 130 లోపు ఉండాలి.